ఇల్లూ వాకిలీ: బచ్చలింటి వాసన

బచ్చలింటి సంగతి కూడా పత్రికలో రాయాలా అని ముక్కు మీద వేలు వేసుకునే పాఠకులు వుంటారని మాకు తెలుసు. పూజగది గురించి రాస్తే చదువుతాం, వంటింటి గురించి రాస్తే కత్తిరించి దాచుకుంటాం, జలదారి గురించి రాస్తే పేజీ తిప్పేస్తాం. కాని బాగేపల్లి నుంచి వొక సోదరి యిలా రాశారు: “రోజూ ఫినాయిలు వేసి కడుగుతున్నా బచ్చలింట్లో మురుగు వాసన పోవడం లేదు. చుట్టాలు వస్తే తల యెత్తుకోలేకుండా వున్నాను. వుపాయం చెప్పండి.” చింతామణి నుంచి మరొకరు కూడా యిదే మాట అడిగారు. వాసన యింటి పరువు దాకా వచ్చిన తరువాత అది చిన్న సంగతి కాదు గదా. అందుచేత యీ నెల పేజీ దానికే కేటాయిస్తున్నాం.

ఆంధ్ర, తెలంగాణాలలో వుండే మన సభ్యులకు ముందుగా వొక మాట. మా వైపు స్నానాల గదిని బచ్చలిల్లు అంటాం. కన్నడంలో బచ్చలుమనె. యే మాట యెందులోంచి వచ్చిందో పండితులు తేల్చుకోవాలి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో యింట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మాట్లాడే మా బోటి వాళ్లకు రెండూ మనవే. ఆ గదిలో నీళ్లు బయటికి పోయే దారిని జలదారి అనీ, తూము అనీ అంటాం. దాని జాలీ కింద వుండే గిన్నె లాంటి అమరికను ప్లంబర్లు నహానీ ట్రాపు అంటారు. యీ నెల మేము చెప్పబోయేదంతా ఆ గిన్నె చుట్టే తిరుగుతుంది.

మురుగు సంగతి మాట్లాడడం తక్కువ పని అనుకునే వారికి మా వూరి పక్క ముద్దేనహళ్లిని గుర్తు చేయవలసి వుంది. అక్కడ పుట్టి, చిక్కబళ్లాపురం బడిలో అక్షరాలు దిద్దిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మన తెలుగు యింటి బిడ్డ. వారి పూర్వుల వూరు ఆంధ్ర దేశంలోని మోక్షగుండం. ఆయన పేరు చెప్పగానే కన్నంబాడి ఆనకట్ట తలుచుకుంటాం. కాని 1906లో ఆయన ఏడెన్ రేవుకు వెళ్లింది అక్కడి మంచినీళ్లు, మురుగు కాలువల సంగతి చూడడానికి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, 1909లో నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. వరదను ఆపే జలాశయాల ఆలోచనతో పాటు నగరానికి మురుగు కాలువల ప్రణాళిక కూడా ఆయన పనిలో భాగమే. 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్లు దాటి కన్ను మూసిన ఆ పెద్దమనిషి మురుగు గురించి ఆలోచించడానికి సిగ్గుపడలేదు. ఎస్సెస్సెల్సీ చదివి గుమాస్తా పని చేసుకునే మేము సిగ్గుపడడం యెందుకు?

యిక మా యింటి కథ చెబుతాం. మేము యింజనీర్లం కాము గనుక, పొరపాటు చేసి నేర్చుకున్నదే మా చదువు.

రెండేళ్ల కిందటి వేసవి. మా వీధికి కుళాయి నీళ్లు వారానికొకసారి వచ్చేవి. మా యింట్లో హాలు పక్కన వొక బచ్చలిల్లు, పెరట్లో వొక బచ్చలిల్లు వున్నాయి. పెరటి నీళ్లు నేరుగా కొబ్బరిచెట్టు పాదులోకి పోతాయి. నీళ్లు దండగ కాకూడదని మా అమ్మ వొక చట్టం చేసింది: వానలు పడేదాకా అందరూ పెరట్లోనే స్నానం చెయ్యాలి. చట్టం బాగానే అమలయింది. రెండు నెలలు లోపలి బచ్చలింట్లో చుక్క నీరు పడలేదు. మా యింటావిడ తడిగుడ్డతో నేల తుడిచి, పైన నాలుగు చుక్కలు ఫినాయిలు చల్లి తలుపు వేసేది.

మెల్లగా వాసన మొదలయింది. ముందు ఆ గదిలో, తరువాత హాలులో, చివరకు వీధి వసారాలో. మా యింటావిడ గుంత నిండిందంది. మేము పక్కింటి వాళ్ల గుంత మీదికి నెట్టాం. మా అమ్మ యెలుక చచ్చిందంది. కలరా వుండలు వేశాం, అగరువత్తులు వెలిగించాం. వాసన బయటికి పోతుందని పగలల్లా ఎగ్జాస్టు ఫ్యాను వేసి వుంచాం. ఆశ్చర్యం, ఫ్యాను వేసిన కొద్దీ వాసన యెక్కువయింది! దాని కారణం తరువాత చెబుతాం.

యింతలో పెద్దమ్మాయిని చూసుకోవడానికి చింతామణి నుంచి ఆదివారం వస్తామని కబురు వచ్చింది. ఆ రోజు శుక్రవారం. గుంత తోడే లారీకి ఫోను చేస్తే సోమవారం గాని వీలు కాదన్నారు. అప్పుడు యెవరో చెప్పారు, చేత్తో గుంత తోడే మనిషి వొకడున్నాడని. శనివారం పొద్దున్నే పిలిపించాం. అరవై యేళ్ల పెద్దాయన. వొక బొక్కెన, వొక తాడు, వొక పార. బేరం ఎనిమిది వందలకు కుదిరింది. మేము బేరం ఆడామని కూడా చెప్పి తీరాలి. వెయ్యి అడిగితే ఎనిమిది వందలన్నాం.

ఆయన పెరట్లో చొక్కా విప్పి గోడ మీద వేశాడు. గుంత మూత మీద చెయ్యి వేసి, ఆగి, అడిగాడు.

“సామీ, వాసన యాడ కొడతా వుండాది? గుంత కాడనా, యింట్లోనా?”

“యింట్లోనే పెద్దాయనా. బచ్చలింట్లో.”

“అయితే గుంతలో దిగేది ఆమేల. ముందు బచ్చలింట్లో చూడనీండి.”

పెరటి వాకిట్లో నిలబడిపోయాడు, పిలిస్తే గాని లోపలికి రానన్నట్టు. మా అమ్మ వచ్చి, “యేమప్పా, అట్లే నిలబడితివి, లోపలికి రా” అంది. వచ్చాడు. జాలీ తీసి గిన్నెలోకి వేలు పెట్టి చూశాడు.

“యెండిపోయుండాది సామీ. దీంట్లో నీళ్లు వుండల్ల. అవి లేకపోతే గుంత గాలంతా యింట్లోకే.”

మా అమ్మ ఆ వేసవి చట్టం తానే పక్కన పెట్టి రెండు చెంబుల నీళ్లు తెచ్చి యిచ్చింది. ఆయన నిదానంగా పోశాడు. ఫ్యాను ఆపమన్నాడు, కిటికీ తెరవమన్నాడు. మా అమ్మ మేమందరం తాగే లోటాలోనే ఆయనకు కాఫీ తెచ్చింది. తాగుతూ వుండగా మాటల్లో అన్నాడు: “మా చిన్నాయన కొడుకు యిట్లే వొక యింట్లో దిగినాడు. మల్లా పైకి రాలేదు.” మరి నువ్వు యెందుకు దిగుతావు అని అడిగాం. “అడిగితే దిగుతాను సామీ. కడుపు వుండాది గదా” అన్నాడు.

అరగంటలో వాసన సగం తగ్గింది. సాయంత్రానికి లేదు. డబ్బు యివ్వబోతే, “నేను దిగనే లేదు, యేటికి సామీ?” అన్నాడు. చేసిన పని అదే గదా అని బలవంతం చేసి, మొదట అడిగిన వెయ్యీ యిచ్చాం. ఆదివారం వచ్చిన సంబంధం కుదరలేదు. అది జాతకాల వల్ల, వాసన వల్ల కాదు. మరుసటి యేడు మంచి సంబంధమే కుదిరింది. కాని ఆ శనివారం పొద్దున మేము చేయబోయిన పని మాత్రం యిప్పటికీ మనసులోంచి పోలేదు. రెండు చెంబుల నీళ్లతో పోయే వాసనకు వొక మనిషిని గుంతలోకి దింపబోయాం. ఆయన మనకన్నా తెలివైనవాడు కావడం వల్ల ఆ పాపం తప్పింది.

ఆ గిన్నె పని యేమిటో యిప్పుడు చూద్దాం. నీళ్లు గొట్టంలోకి పోయే ముందు ఆ గిన్నెలో కొంచెం నిలిచిపోతాయి. మంచి ట్రాపులో యిది సుమారు 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాల లోతు వుంటుంది. కొత్తగా పోసిన నీళ్లు పాత నీళ్లను తోసేసి, తాము అక్కడ నిలుస్తాయి. ఆ నీళ్ల అడ్డం దాటి గుంతలోని గాలి పైకి రాలేదు. అంటే అది తలుపు. కర్రతోనూ యినుముతోనూ కాక నీళ్లతో చేసిన తలుపు. 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు పాయిఖానా గొట్టాన్ని వంకర తిప్పి అందులో నీళ్లు నిలిచేట్టు చేసి పేటెంటు తీసుకున్నాడు. యివాళ మన వాష్‌బేసిన్ కింద కనిపించే వంకర గొట్టం ఆ జాతిదే. అది స్థలం చాలక వంచినది కాదు, కావాలని వంచినది.

యీ తలుపుకు వొకటే లోపం. నీళ్లు ఆవిరయితే తలుపు లేనట్టే. వేసవిలో కొద్ది వారాలు వాడకపోతే చాలు. ఫ్యాను వేస్తే వాసన యెందుకు పెరిగిందో యిప్పుడు తెలిసింది గదా: ఫ్యాను గదిలోని గాలిని బయటికి లాగుతుంది, ఆ ఖాళీలోకి యెక్కడి నుంచో గాలి రావాలి, తలుపు మూసి వుంటే యెండిన తూములోంచి వస్తుంది.

యిది వాసనతో పోయే సంగతి మాత్రమే కాదని 2003లో హాంకాంగ్ నగరం తెలుసుకుంది. సార్స్ జాడ్యం వ్యాపించిన రోజుల్లో అమాయ్ గార్డెన్స్ అనే అంతస్తుల గృహాల సముదాయంలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు, 40 మందికి పైగా చనిపోయారు. కారణాలు వెదికిన అధికారులు చెప్పిన వాటిలో ముఖ్యమైనది, బచ్చలిండ్ల నేల తూములలో నీళ్లు యెండిపోవడం. అక్కడి వారు నేల కడగడం మాని తుడవడానికి అలవాటు పడ్డారు. ఫ్యాన్లు మురుగు గొట్టంలోని గాలిని గదుల్లోకి లాగాయి. మా యింట్లో జరిగింది కూడా సరిగ్గా యిదే; మా అదృష్టం బాగుండి వాసనతో సరిపోయింది.

మన సీమలో యిది యెక్కువ కావడానికి వేరే కారణం అక్కరలేదు. నందికొండల చుట్టూ ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని పుడతాయి. పేర్లు పెద్దవి, నీళ్లు వానాకాలానివి. యేడాది పొడుగునా పారే యేరు మనకు లేదు. బోర్లు యెంత లోతుకు పోతున్నాయో రైతును అడగండి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, హెబ్బాళ–నాగవార లోయ పథకం కింద చిక్కబళ్లాపురం వైపు చెరువులకు పంపుతున్నారంటే, వొకరు పారబోసిన నీళ్లు కూడా మనకు యెంత అవసరమో ఆలోచించండి. యిటువంటి చోట ఆడవాళ్లు నీళ్లు పొదుపు చేస్తారు. చెయ్యాలి కూడా. కాని పొదుపులో ఆ వొక్క చెంబును లెక్క వేయడం మరిచిపోతాం.

దీనికి కొత్త నీళ్లే అక్కరలేదు. గుడ్డలు జాడించిన చివరి నీళ్లు చాలు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు మాత్రం పోయవద్దు. గిన్నెలో నిలిచి పులిసి, అవే కంపు కొడతాయి. వారానికొక రోజు పెట్టుకుని, యింట్లో వాడని ప్రతి తూములోనూ వొక చెంబు పోయండి. నెల రోజులు వూరికి వెళ్లేటట్టయితే నీళ్లు పోసిన తరువాత పైన వొక చెమ్చా నూనె వేయండి. నూనె పొర వుంటే నీళ్లు తొందరగా ఆవిరి కావు.

ఆఫీసులో ఫైలు తప్పు దొరకాలంటే మొదటి కాగితం నుంచి చూసుకుంటూ రావాలి. వాసన సంగతి కూడా అంతే. నీళ్లు పోసినా పోకపోతే యీ వరుసలో చూడండి.

మొదట, యే తూము నుంచి వస్తున్నదో తేల్చండి. రాత్రి పడుకునే ముందు వొక ప్లాస్టిక్ కవరును తూము మీద పరిచి, అంచుల చుట్టూ తడిగుడ్డ పెట్టండి. తెల్లవారి వాసన లేకపోతే దొంగ అక్కడే వున్నాడు. వుంటే వాష్‌బేసిన్, వంటింటి సింకు, పాయిఖానా వొక్కొక్కటిగా చూడండి.

రెండవది, గిన్నెలో నీళ్లు వుండీ వాసన వస్తుంటే అది మురికి. జాలీ తీస్తే వెంట్రుకలు, సబ్బు జిడ్డు కలిసి నల్లటి పాచి కనిపిస్తుంది. చేతికి తొడుగు వేసుకుని దాన్ని తీసి, వేడినీళ్లు, చాకలి సోడా వేసి పాత బ్రష్షుతో తోమండి. లోపల వూడి వచ్చే గిన్నె మూత వుంటే తోమిన తరువాత మరిచిపోకుండా మళ్లీ పెట్టండి. నీళ్లు తొందరగా పోతాయని దాన్ని తీసి పక్కన పారేసే వాళ్లను మేము చూశాం. అది తలుపు వూడదీసి పొయ్యిలో పెట్టుకోవడం.

మూడవది, పాయిఖానాలో నీళ్లు పోసినప్పుడు పక్క తూములో గుడగుడ మని చప్పుడవుతుందా? గొట్టంలో గాలి ఆడక, దిగే నీళ్లు పక్క గిన్నెలోని నీళ్లను కూడా లాగేస్తున్నాయన్న మాట. మిద్దె మీదికి వెళ్లే గాలిగొట్టాన్ని చూడండి. పిట్టగూడో, ఆకులో, మిద్దె మీద గది కట్టినప్పుడు మేస్త్రీ వేసిన సిమెంటో దాన్ని మూసి వుంటుంది. ఆ గొట్టం అందానికి పెట్టినది కాదు. దాన్ని కోయవద్దు, మూయవద్దు.

నాలుగవది, సాయంత్రం పోసిన నీళ్లు యెవరూ వాడకుండానే పొద్దుటికి మాయమయితే గిన్నెకు బీట వుండవచ్చు. లేదా వొక దారం పోగో, వెంట్రుకల పాయో గిన్నె అంచు మీదుగా గొట్టంలోకి వేలాడుతుండవచ్చు. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు అది నీళ్లను చుక్కచుక్కగా లాగేస్తుంది. పోగు తీసేస్తే సరి. బీట అయితే ట్రాపు మార్చవలసిందే.

ఐదవది, బట్టలుతికే మిషను గొట్టాన్ని నేరుగా మురుగు గొట్టంలో దూర్చి వుంటారు. చుట్టూ సందు, మధ్యలో నీటి తలుపు లేదు. దాని నీళ్లు ట్రాపు ద్వారా పోయేట్టు ప్లంబరుతో మార్పించి, సందులు పూడ్పించండి.

ఆరవది, వేడినీళ్ల కుళాయి తిప్పినప్పుడే కుళ్లిన గుడ్డు వాసన వస్తుందా? ఆ నీళ్లు వొక గ్లాసులో పట్టి వసారాలోకి తీసుకువెళ్లి వాసన చూడండి. అక్కడా వస్తే తప్పు తూముది కాదు, గీజరుదో బోరు నీళ్లదో.

చివరిది, అన్ని తూముల్లోనూ వొకేసారి వాసన వచ్చి, నీళ్లు కూడా మెల్లగా పోతుంటే, అప్పుడు గుంత నిండిందేమో, ఛాంబరు పూడిందేమో అనుకోవాలి. అంతకు ముందు కాదు. మేము ఫైలును చివరి కాగితం నుంచి మొదలు పెట్టాం.

సోదరీమణులకు వొక ముఖ్యమైన హెచ్చరిక. వాసన పోవాలని యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ పౌడరు చల్లే అలవాటు కొన్ని యిళ్లలో వుంది. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. చిన్న గదిలో తలుపు వేసుకుని పీలిస్తే ప్రాణాపాయం. యెప్పుడూ వొకటే వాడండి, అది పూర్తిగా కడిగిన తరువాతే మరొకటి.

యిక గుంత సంగతి. అక్కడ పుట్టే వాయువులలో హైడ్రోజన్ సల్ఫైడ్ వొకటి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. గాలికన్నా బరువు గనుక గుంత అడుగున నిలుస్తుంది. కొంచెం వున్నప్పుడు ముక్కుకు తెలుస్తుంది. యెక్కువయితే ముక్కు మొద్దుబారి యేమీ తెలియదు. వాసన తగ్గింది గదా అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు. అతన్ని తీయబోయి దిగినవాడూ అంతే. వెలుగు కోసం అగ్గిపుల్ల గీయడం కూడా ప్రమాదం. మండే వాయువులు వుంటాయి.

2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకీ మురుగు కాలువలోకీ మనిషిని దింపి పని చేయించడం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దిగిన మనిషికి కాదు, దింపిన వారికి. మురుగులో చనిపోయిన వారి కుటుంబాలకు పది లక్షలు యివ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. యీ పోరాటం నడిపిన వారిలో ముఖ్యుడు బెజవాడ విల్సన్‌గారు. కోలారు బంగారు గనుల వూరిలో పుట్టిన తెలుగు బిడ్డ. 2007లో చిక్కబళ్లాపురం వేరే జిల్లా అయ్యేదాకా మనదీ కోలారు జిల్లాయే, కాబట్టి మన జిల్లావాడే అనుకోవచ్చు. గనుల కాలనీలో తనవాళ్లు చేత్తో మలం యెత్తడం చూసి ఆ పని రూపుమాపడానికి పూనుకున్నారు. 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. ముద్దేనహళ్లి తెలుగాయన మురుగుకు దారి చూపాడు. గనుల వూరి తెలుగాయన ఆ దారిలో మనిషి దిగకూడదని చెప్పాడు. యిద్దరూ మన సీమ వాళ్లే గాని మేము పిల్లలకు మొదటి వారి కథే చెబుతూ వచ్చాం. యిప్పుడు రెండూ చెబుతున్నాం.

గుంత నిజంగా నిండితే పురసభకు చెప్పి యంత్రం వున్న లారీనే పిలవండి. వొక రోజు ఆలస్యమయితే ఆలస్యం కానివ్వండి. పెళ్లిచూపులు వాయిదా వేసుకోవచ్చు.

మా యింట్లో యిప్పుడు శనివారం పొద్దున మా అమ్మ వొక చెంబు పట్టుకుని లోపలి బచ్చలింట్లో నీళ్లు పోసి వస్తుంది. తరువాతే తులసికోటకు. వరుస తప్పు గదమ్మా అని మేము అంటే, “ముందు యిల్లు శుభ్రం కానీరా, ఆమేల దేవుడు” అంటుంది. ఆ పెద్దాయన అప్పుడప్పుడు మా వీధిలో కనిపిస్తాడు. యిప్పుడు తోటల్లో కలుపు పనికి పోతున్నానన్నాడు. పిలిస్తే లోపలికి వచ్చి కూర్చుంటాడు. కాఫీ తాగి, వెళ్లేముందు వొకసారి అడుగుతాడు: “నీళ్లు పోస్తా వుండారా సామీ?”

బాగేపల్లి సోదరీ, మేము కూడా మిమ్మల్ని అదే అడుగుతున్నాం. ముందు రెండు చెంబులు పోసి చూడండి. తగ్గిందో లేదో వొక ముక్క రాయండి. వచ్చే నెల సంపులో పాచి సంగతి చూద్దాం.